పంక్తిలో కూర్చుంటే తెలిసే మతం

యారాడ కొండ మీద నిలబడి ఓడరేవు కాలువ అవతలికి ఎప్పుడైనా చూశారా? మూడు కొండలు కనబడతాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద మేరీమాత చర్చి. ఇంటికి చుట్టాలొస్తే విశాఖ వాళ్లం గొప్పగా చూపించేది వీటినే. ఇవాళ నేను చెప్పబోయేది మాత్రం, ఊళ్లోకి వెళితే సీతమ్మధార దగ్గరున్న నాలుగో గుమ్మం గురించి. గురుద్వారా జంక్షన్ అని బస్సెక్కిన ప్రతిసారీ అంటాం గానీ, ఆ గురుద్వారా లోపల ఏముందో మనలో చాలామందికి తెలీదు.

సిక్కులంటే హిందువుల్లో ఒక శాఖేగా అంటారు కొందరు. హిందూమతాన్నీ ఇస్లాంనీ కలిపేసుకున్నారంటారు ఇంకొందరు. రెండు మాటలూ తప్పే.

కర్మ, పునర్జన్మ ఉన్నాయంటారు సిక్కులు. అంతవరకూ మనం విన్న మాటే. కానీ దేవుడు అవతారమెత్తడంటారు, విగ్రహం పెట్టరు. దేవుడొక్కడే, రూపం లేనివాడు అన్నచోట ముస్లింలతో కలుస్తారు, చివరి ప్రవక్త అన్నచోట విడిపోతారు. సేవ దగ్గర క్రైస్తవులకు దగ్గరివాళ్లే, దేవుడు మనిషై పుట్టాడంటే మాత్రం ఒప్పుకోరు. ఉపవాసాలతో, తీర్థయాత్రలతో పుణ్యం రాదంటారు. సన్యాసమూ వద్దంటారు. సంసారంలో ఉండు, ఒళ్లు వంచి సంపాదించు, దేవుణ్ణి తలుచుకో, ఉన్నది పంచుకు తిను. ఇదీ వాళ్ల దారి. ఈ దారి చూపిన మొదటి గురువు, 1469లో పుట్టిన గురునానక్ ఎన్నో దేశాలు తిరిగొచ్చి, చివరి ఏళ్లలో కర్తార్‌పూర్‌లో సేద్యం చేసుకుంటూ బతికారు. తెల్లారకముందే వేటకెళ్లే యారాడ మత్స్యకారుడికి ఈ మతం గురించి పెద్దగా విడమరిచి చెప్పక్కర్లేదు.

గురుద్వారాలోకి వెళ్లాలంటే చెప్పులు విప్పి, తలకు గుడ్డ కట్టుకోవాలి. ఎదురుగా చాందినీ కింద, పట్టుబట్టల మీద పెద్ద గ్రంథం ఉంటుంది. వెనక ఒకరు చామరం వీస్తుంటారు. అదే గురు గ్రంథ్ సాహిబ్, 1430 పుటలు. తెల్లవారుజామున తెరుస్తారు, రాత్రి పవళింపజేస్తారు. విగ్రహం వద్దన్నవాళ్లు పుస్తకాన్ని పూజించడమేమిటి అంటారేమో. అది పూజ కాదండీ, గురువుకిచ్చే మర్యాద. పదో గురువు గోబింద్ సింగ్ 1708లో నాందేడ్‌లో, మన బాసరకు ఎగువన అదే గోదావరి ఒడ్డున, తన తర్వాత మనిషి గురువు ఉండడనీ, ఇక గ్రంథమే గురువనీ చెప్పి కన్నుమూశారు. అందులో సిక్కు గురువుల పదాలతో పాటు నేతగాడు కబీరు, చెప్పులు కుట్టిన రవిదాసు, సూఫీ ఫరీదు చెప్పినవీ ఉన్నాయి. ఆ గ్రంథానికి తల వంచే ప్రతి సిక్కూ వాళ్లందరికీ తల వంచినట్టే.

కులం సంగతికొస్తే, 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో జరిగింది చెప్పాలి. తల ఇచ్చేదెవరని గురు గోబింద్ సింగ్ అడిగితే ఐదుగురు ముందుకొచ్చారు. వాళ్లలో నీళ్లు మోసే హిమ్మత్‌ది పూరీ జగన్నాథమనీ, మంగలిపని చేసే సాహిబ్‌ది బీదర్ అనీ సిక్కులు చెప్పుకుంటారు. అంటే ఒకరు మన తీరం వాడు, ఇంకొకరు మన పొరుగువాడు. గురువు ఆ ఐదుగురికీ దీక్షగా అమృతమిచ్చి, తర్వాత వాళ్ల ముందే చేతులు కట్టుకుని నిలబడి, వాళ్ల చేతుల మీదుగా తానూ పుచ్చుకున్నారు. గురువే శిష్యుల ముందు చెయ్యి చాచిన ఆ ఘడియే నాకు ఈ మతానికి గుండెకాయ అనిపిస్తుంది.

అదే మాటను లంగరులో, అంటే గురుద్వారాలో అందరికీ అన్నం పెట్టే చోట, రోజూ ఆచరించి చూపిస్తారు. ఎవరొచ్చినా ఒకే వరసలో నేల మీద కూర్చుంటారు. వడ్డించేవాళ్లు రొట్టె పళ్లెంలో వెయ్యరు, రెండు చేతులూ చాస్తే అరచేతుల్లో పెడతారు. మన పల్నాట బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ కలిపి కూర్చోబెట్టి పెట్టించిన చాపకూడు గుర్తొస్తుంది కదూ? చాపకూడును మనం ఎక్కువగా కథగానే చెప్పుకుంటూ మిగిలాం. వాళ్లు పొయ్యి ఆర్పకుండా ఇన్ని వందల ఏళ్లు నిలబెట్టారు. తేడా అదే.

కాబట్టి ఏ మతం పక్కనో పెట్టి కొలవకుండా సిక్కుమతాన్ని దాని గుమ్మంలోంచే చూడండి. వీలైన ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. పక్కన ఎవరు కూర్చున్నా అడగకుండా పంక్తిలో తినండి. తిన్నాక, పళ్లేలు తోమే చోట మీరూ ఒక చెయ్యి వెయ్యండి.