రాయవేలూరు ఆసుపత్రిలో పదునెనిమిది దినములు

యాత్ర యనగనే మనకు తిరుపతియు, కాశియు, రామేశ్వరమును జ్ఞప్తికి వచ్చును. ఈ మారు నేను చేసిన యాత్ర ఏ దేవాలయమునకును గాదు. మా యత్తగారికి గర్భకోశమున గడ్డ యున్నదనియు, శస్త్రచికిత్స తప్పదనియు మా యూరి వైద్యులు చెప్పిరి. ఆమెను వెంటబెట్టుకొని నెల్లూరినుండి రాయవేలూరు పోయి అచ్చట పదునెనిమిది దినము లుంటిని. రోగికి తోడుగా పోయితిననుమాటయే గాని, నా మనస్సున వేరొక పనియు గలదు. దానిని ముందుగా చెప్పెదను.

నా పెద్ద కూతురు ఇంటర్మీడియటు ముగించి, నర్సింగు చదివెదనని పట్టుపట్టినది. మావారు "చూతము లెమ్ము" అని యూరకుండిరి. మా యత్తగారు మాత్రము, "పరుల మలమూత్రము లెత్తు పని మన పిల్లకేల? రాత్రులు పరాయిచోట మేలుకొను పిల్లను ఎవరు చేసికొందురు?" అని ఖండితముగా చెప్పిరి. నేను అవుననలేకపోతిని, కాదనలేకపోతిని. ఆ పని యెట్టిదో నాకే తెలియదు. మా పినతల్లి కూతురు పదునొకండేండ్లుగా వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో నర్సుగా నున్నది. ఆమె నడిగియు, నా కన్నులతో చూచియు, నిజము తెలిసికొని రావలెనని సంకల్పించుకొంటిని.

రేణిగుంటలో బండి మారి, పాకాల, చిత్తూరుల మీదుగా కాట్పాడి చేరితిమి. చిత్తూరు దాటిన కొంతసేపటికే రాష్ట్రము మారునుగాని మాట యొక్కసారిగా మారదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చిత్తూరును వేలూరును ఒక్క ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే గదా! కాట్పాడినుండి ఊరిలోనికి పోవు త్రోవలో పాలారు వంతెన వచ్చును. పేరునకు పాల యేరే గాని, నేను చూచినపుడు ఇసుకయే మెండు. ఊరి నడుమ విజయనగరరాజుల నాటి కోట, చుట్టును నీటి అగడ్త, లోపల జలకంఠేశ్వరస్వామి యాలయము. 1806లో సిపాయిలు తెల్లదొరలపై తిరుగబడినది ఈ కోటలోనే.

ఆసుపత్రి కెదురుగానున్న సందులలోనికి పోయినచో ఇది తమిళదేశమేనా యని సందేహము కలుగును. అంగళ్ల పలకలపై బంగాళీ, హిందీ, తెలుగు అక్షరములే. బంగాళమునుండియు, ఝార్ఖండునుండియు, ఈశాన్య రాష్ట్రములనుండియు, బంగ్లాదేశమునుండియు రోగు లిచ్చటికి వత్తురు. బస యిండ్లలో పొయ్యియు, పాత్రలును అద్దెకు దొరకును. మా ప్రక్క గదిలో నొక బంగాళీ యిల్లాలు తన పెనిమిటికి చేపల పులుసు కాచుచుండెను. ఇటు నేను మా యత్తగారికి చారు కాచుచుంటిని. భాష రాకున్నను, ఆమె నాకు ఉప్పును, నేను ఆమెకు చింతపండును ఇచ్చిపుచ్చుకొంటిమి.

ఈ యాసుపత్రి పుట్టుక స్త్రీలు వినదగిన కథ. ఐడా స్కడ్డరు 1870లో రాణీపేటలో జన్మించినది. ఆమె తండ్రి అమెరికాదేశపు మిషనరీ వైద్యుడు. ఆమెకు మాత్రము ఈ దేశమున నిలిచియుండుట యిష్టము లేదు. తల్లికి జబ్బుచేయగా చూడవచ్చి తిండివనములో నుండగా, ఒక్క రాత్రియే మువ్వురు పురుషులు ఒకరి వెనుక నొకరు వచ్చి, తమ భార్యలు ప్రసవింపలేక బాధపడుచున్నారనియు, వచ్చి కాపాడుమనియు వేడిరి. నాకు వైద్యము రాదు, మా తండ్రిని తోడ్కొని పొండని యామె చెప్పెను. పరపురుషుడు తాకుటకంటె చావే మేలని వారు మరలిపోయిరి. తెల్లవారునప్పటికి మువ్వురు స్త్రీలును మరణించిరి. ఆ యుదయమే యామె తాను వైద్యము నేర్వవలెనని నిశ్చయించుకొన్నది. 1899లో అమెరికాలో పట్టము పొంది, 1900లో వేలూరికి వచ్చి, తండ్రిగారి బంగళాలో చికిత్స లారంభించినది. 1902లో నలుబది పడకల ఆసుపత్రి తెరచినది. తానొక్కతె యెంతమందికి చేయగలదని, 1909లో నర్సుల పాఠశాలను, 1918లో స్త్రీలకు వైద్యపాఠశాలను నెలకొల్పినది. పురుషులను విద్యార్థులుగా చేర్చుకొన్నది 1947లో మాత్రమే. 1946లో నర్సింగునకు విశ్వవిద్యాలయపు పట్టము వచ్చినది. 1960లో ఆమె కాలధర్మము నొందెను. ఆసుపత్రి ముందరి వీధి నేటికిని ఆమె పేరనే యున్నది.

ఇక లోపలి సంగతి. ఆసుపత్రి యనగా వైద్యుడే యని నే ననుకొనియుంటిని. వైద్యులు వార్డునకు వచ్చి చూచి పోవుదురు. ఇరువదినాలుగు గంటలును రోగిని కనిపెట్టియుండువారు నర్సులే. ఉదయము, సాయంకాలము, రాత్రి యని పని మూడు వంతులు. పోవువారు వచ్చువారికి పని యప్పగించుట నేను దినదినము చూచితిని. ఒక్కొక్క మంచము కడ నిలిచి, ఈమె కేమి జరిగినది, ఏ మందెప్పు డిచ్చితిమి, మూత్ర మెంత పోసినది, గాయ మెట్లున్నది, రాత్రి దేనిని కనిపెట్టవలెను అని చెప్పుకొందురు. అత్తవారింటికి పోవుచు తల్లి తన పసిబిడ్డ సంగతులను చెల్లెలి కప్పగించినట్లుండును.

మందిచ్చుటయు మనము తలచినంత సులువు కాదు. రోగి పేరు, మణికట్టునకు కట్టిన పట్టీపైని సంఖ్య, మందు పేరు, ఎంత, ఎప్పుడు, ఏ మార్గమున అని అన్నియు సరిచూచిన పిమ్మటనే యిత్తురు. "రోజును నన్నే చూచుచు మరల పేరడుగుదురేల?" అని మా యత్తగారు విసుగుకొనిరి. నా చెల్లెలు నవ్వి, "అత్తయ్యా! గుర్తున్నదనుకొన్ననాడే పొరపాటు జరుగును" అనెను.

చేతులు కడుగుకొనుట గూర్చి ఒక మాట. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్వైసను వైద్యుడు, వైద్యులు శవపరీక్ష చేసిన చేతులతోనే ప్రసవములు చేయుటచేత బాలెంతరాండ్రు జ్వరముతో చచ్చుచున్నారని కనుగొని, సున్నపు మందు కలిపిన నీటితో చేతులు కడుగు నియమము పెట్టగా, మరణములు మిక్కిలి తగ్గినవి. ఆనాటివారు ఆయన మాటను లక్ష్యపెట్టలేదు. నేడు నర్సు ఒక రోగిని తాకుటకు ముందును, తాకిన పిమ్మటను చేతులు శుద్ధి చేసికొనును. దినమున కెన్ని మారులో లెక్కలేదు. నా చెల్లెలి యరచేతులు ఎండి పగిలియుండుట చూచి, కొబ్బరినూనె రాసితిని.

కంటబడని పనివా రింక నెందరో. ఆపరేషను పనిముట్లను కట్టలు కట్టి, 121 డిగ్రీల వేడి గల యావిరిలో ఒత్తిడి పెట్టి శుద్ధి చేయుదురు. కట్టపైని పట్టీలో గీతలుండును. వేడి సరిగ తగిలిననే యవి నల్లబడును. ఆపరేషను మొదలిడుటకు ముందును, గాయము కుట్టుటకు ముందును, కట్టకడపటను గుడ్డముక్కలను, సూదులను లెక్కించుదురు. లెక్క కుదురనిదే యెవరును కదలరు. దుప్పట్లు ఉదుకువారు, ఉప్పు లేని పథ్యము వండువారు, రోగి చక్రపు మంచమును త్రోయువారు, పాత చీటీలను వెదకి తెచ్చువారు, నేల తుడుచువారు, వీరిలో నే యొక్కరు పని మానినను వైద్యుని విద్య వ్యర్థమే. మన యింట పండుగనాడు నూర్గురికి భోజనము పెట్టినపుడు, వడ్డించినవారికే పేరు వచ్చును, పొయ్యి కడ నున్నవారు తెలియరు. ఇదియు నట్టిదే.

కష్టముల నడుగగా, నా చెల్లెలు దాచక చెప్పెను. "అక్కా! రాత్రి డ్యూటీ తరువాత పగటినిద్ర నిద్రగా నుండదు. కాళ్లు వాచును. మూడు సంక్రాంతులుగా ఇంటికి రాలేదు. నా బిడ్డకు జ్వరము వచ్చిననాడు నేను పరుల బిడ్డకు తడిగుడ్డ వేయుచుంటిని. బంధువులు దుఃఖముతో మామీదనే కోపపడుదురు. ఒక మంచము కడ ప్రాణము పోవును. కన్నీరు తుడుచుకొని, ప్రక్క మంచము కడకు నవ్వు మొగముతో పోవలెను. దీనికి మాత్రము ఇంకను అలవాటు పడలేదు." అటులైన మానివేయరాదా యంటిని. ఆమె కొంత సేపూరకుండి, "నడువలేక వచ్చిన యామె నడిచి పోవునప్పుడు వెనుదిరిగి చూచును. ఆ చూపునకై యుంటిని. జీతమును కావలెను, అక్కా! నా జీతముతోనే తమ్ముని చదువు జరిగినది" అనెను. రెండవ మాట కూడ చెప్పినందుకు నాకు సంతోషమైనది. సేవయని పొగడి, కూలి మాట యెత్తనివారిని నేను నమ్మను.

మా యత్తగారికి శస్త్రచికిత్స సుఖముగా జరిగినది. స్త్రీల వార్డులో ఒక్క స్త్రీ తోడుండుటకు సెలవిచ్చిరి గనుక నే నచ్చటనే యుంటిని. రెండవనాటి రాత్రి రెండు గంటలకు ఆమెకు తెలియకయే పక్క పాడైనది. ముప్పదియేండ్లుగా ఇల్లేలిన మనిషి, సిగ్గుతో మొగమునకు కొంగు కప్పుకొని యేడ్చెను. నేను లేచి ఏమి చేయుటకును తోచక నిలిచితిని. ఇరువదిరెండేండ్ల మలయాళపు పిల్ల వచ్చి, చుట్టును తెర లాగి, గోరువెచ్చని నీటితో తుడిచి, ఆమెను లేపకయే ప్రక్కకు ఒత్తిగిలజేసి, పాత దుప్పటి చుట్టుచు క్రొత్తది పరచినది. చేతులు కడుగుకొని వచ్చి, వచ్చీరాని తెలుగులో, "అమ్మమ్మా, నొప్పి ఉన్నదా?" యని యడిగినది. ఆ పిల్ల మొగమున ఏవగింపు లేదు. ఏవగింపును దాచుకొన్న జాడయు లేదు. ప్రక్క మంచపువారికి సంగతియే తెలియలేదు.

ఆమె పోయిన పిమ్మట మా యత్తగారు చాలసేపు మాటాడలేదు. పిదప మెల్లగా, "ఆ పిల్ల యే యూరిదే? అన్నము తిన్నదో లేదో అడుగరాదా?" అనిరి.

మలమూత్రములను గూర్చి మరల నామె మాటాడలేదు. నేనును జ్ఞప్తి చేయలేదు. నోరు తెరచి చెప్పదగిన మాటలు కొన్ని, ఊరకుండి వినదగినవి కొన్ని గదా!

తిరుగు ప్రయాణమున చిత్తూరు దాటి బండి పోవుచుండగా ఆమె కిటికీవైపు చూచుచు, "మన వీధివైపు గది పగలంతయు గోలగా నుండును. రాత్రి మేలుకొని వచ్చిన పిల్ల అందులో నిద్రపోజాలదు. పెరటివైపు గదిలోని వడ్లబస్తాలను తీయింపవలెను" అనిరి. ఎవరికని నే నడుగలేదు.

మా యమ్మాయి ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టినది. చోటు దొరకునో దొరకదో దైవ మెరుగును. దొరికినచో, కాళ్లు వాచుననియు, పండుగల కింటికి రాలేవనియు, చేతులు పగులుననియు నేనే ముందుగా చెప్పి, కొబ్బరినూనె సీసా ఇచ్చి పంపెదను.

సోదరీమణులారా! మీ యింట నే పిల్లయైన ఈ పని కోరినచో, తగునని గాని తగదని గాని తొందరపడి చెప్పకుడు. ఒక్క రాత్రి యే యాసుపత్రి వార్డులోనైనను మేలుకొని చూడుడు. పిమ్మట చెప్పుడు.