హోప్ దీవి యాత్ర

కాకినాడకు తూర్పున, సముద్రమునకు అడ్డముగా వేసిన సన్నని గీతవలె హోప్ దీవి ఉన్నది. ఒక మాఘమాసపు వేకువను మిత్రుని తెరచాప పడవలో నలుగురము అచ్చటికి బయలుదేరితిమి.

వేకువనే పయనమగుటకు కారణము కలదు. రాత్రివేళ నేల సముద్రముకంటె త్వరగా చల్లబడును. అందుచే తెల్లవారుజామున గాలి నేలనుండి కడలివైపు వీచును. పగలు నేల వేడెక్కగా గాలి దిక్కు మార్చుకొని తీరమునకు మరలును. మొదటి గాలి మమ్ము కొనిపోవలెను. రెండవది తిరిగి తేవలెను.

చాప నిండుగా ఉబ్బినది. యంత్రపు రొద లేదు; పడవ అంచులను నీరు తాకు సవ్వడి మాత్రమే వినవచ్చుచుండెను. దీవి చేరువైనకొలది వృద్ధుడైన సరంగు త్రాటికి కట్టిన సీసపు గుండును నీటిలో విడిచి లోతు చూడసాగెను.

"ఈ దారి నీకు క్రొత్త కాదు గదా తాతా?" అని అడిగితిని.

"దారి పాతదే బాబూ, ఇసుక కొత్తది. గోదారి తెచ్చిన ఇసుక ఒకచోట నిలవదు" అనెను.

దీవి యంతయు ఆ ఇసుకయే. గౌతమీ శాఖ మోసికొని వచ్చిన ఇసుకను అలలు ఉత్తరమునకు నెట్టగా, గత రెండు శతాబ్దములలో సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఈ తిన్నె ఏర్పడినది. దీని చాటుననే కాకినాడ రేవునకు వచ్చు ఓడలు నిలుచును. దక్షిణమున కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన గొప్ప రేవు. 1789లోను, 1839లోను ఉప్పెనలు దానిని ముంచినవి. పిమ్మట మేటవేసి పూడిపోయినది. ఒక రేవును పూడ్చిన మన్నే మఱియొక రేవునకు గోడయైనది!

లోపలి ఒడ్డున లంగరు దించి, మోకాలిలోతు నీటిలో నడచి దీవి నెక్కితిమి. వెలుపలి ఒడ్డున అలలు భీకరముగా విరుగుచుండెను. గ్రుడ్లు పెట్టి మరలిన సముద్రపు తాబేలు జాడ ఇసుకపై బండి చాలువలె కనిపించెను.

సరంగు ఆ అలలవైపు చూచి, "1996 నవంబరు తుఫానునాడు ఈ చాటుకు చేరినవాళ్ళం బతికాం బాబూ. బయట ఉండిపోయిన మా అన్న తిరిగి రాలేదు" అనెను. మేము మాటాడలేకపోతిమి.

మధ్యాహ్నము గాలి మరలగానే లంగరెత్తితిమి.

నేడు ఆనకట్టలవెనుక మన్ను నిలిచిపోవుచుండుటచే గోదావరి డెల్టా తీరము పలుచోట్ల కోతకు లోనగుచున్నది. ఆంగ్లమున హోప్ అనగా ఆశ. ఆ ఆశ ఱాతిగోడ కాదు. నది ఏటేట తెచ్చి పోయవలసిన గుప్పెడు గుప్పెడు ఇసుక.