మలక్‌పేట ఎంత దూరం?

మా అమ్మ మలక్‌పేటలో అన్నయ్య దగ్గర ఉంటుంది. మేం కూకట్‌పల్లిలో. ఉన్నది ఒకే ఊళ్ళో అయినా, పండక్కో పబ్బానికో తప్ప నేను ఆ గుమ్మం తొక్కేదాన్ని కాదు. ఎవరైనా అడిగితే జవాబు సిద్ధం. "బస్సులో రెండు గంటలండీ! వెళ్ళి రావడానికే రోజు సరి." విన్నవాళ్ళు అయ్యో పాపం అనేవారు. అంతకన్నా మంచి సాకు దొరుకుతుందా, మీరే చెప్పండి?

మెట్రో వచ్చి దాని ప్రాణం మీదికి తెచ్చింది. 2017 నవంబరు 29న జనం రైలెక్కారు. "ఇంకేం, మీ పుట్టింటికి రైలు వేశారు" అన్నారు మావారు. నేను తొణకలేదు. మియాపూర్ నుంచి వచ్చే రైలు అప్పట్లో అమీర్‌పేటతో సరి. అక్కడ మారితే నాగోలు పోవచ్చు గానీ మలక్‌పేట పోలేం. "మళ్ళీ బస్సెక్కాలి కదండీ!" అంటూ మరో పది నెలలు నెట్టుకొచ్చాను. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ దాకా లైను తెరిచేశారు. నా సాకు కాస్తా కూలిపోయింది.

ఇక తప్పదని ఆ వారమే బయల్దేరాను. ముందు పెట్టెలో ఆడవాళ్ళ భాగంలో సీటు దొరికింది. భరత్‌నగర్, ఎర్రగడ్డ దాటాం. అమీర్‌పేటలో జనం ఒక్కసారిగా దిగి, అంతకు రెట్టింపు ఎక్కారు. లక్డీకాపూల్ దగ్గర కింద ట్రాఫిక్ చూసి జాలిపడ్డాను. మూసీ దాటి మలక్‌పేటలో దిగి వాచీ చూసుకుంటే గంట కూడా కాలేదు! సంతోషించాల్సింది పోయి నాకు సిగ్గేసింది. పిల్లల చదువులు, నా సీరియల్ తాలూకు రాతలు, మధ్యాహ్నపు కునుకు – ఇవన్నీ పోగా తీరిక మిగిలితే అమ్మ దగ్గరికి. ఆ తీరిక ఏనాడూ మిగల్లేదు.

తలుపు తీసిన అమ్మ హడలిపోయింది. "పండగా కాదు, పబ్బమూ కాదు... ఎవరికేమైందే?"

ఆ మాట నేనింతవరకూ మర్చిపోలేదు.

అప్పట్నించీ పదిహేను రోజులకోసారి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ – ఎంజీబీఎస్ లైను కూడా తెరిచి, మూడు లైన్లూ కలిపి 69 కిలోమీటర్లయింది. మరుసటి నెలలోనే లాక్‌డౌన్! రైళ్ళు ఆగిపోయాయి. ఫోన్లో అమ్మ "రైళ్ళు లేవుగా, నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అంది. ఉలిక్కిపడ్డాను. బస్సుల రోజుల్లోనూ ఇదే మాట అనేది కదూ! అంటే, నాదనుకున్న ఆ సాకు మొదట్నించీ అమ్మే నా చేతికి అందిస్తూ వచ్చిందన్నమాట. కూతుర్ని తప్పుపట్టడం ఇష్టంలేక.

సెప్టెంబరు 7న మా లైను మళ్ళీ మొదలైంది. రద్దీ తగ్గాక నేనూ మళ్ళీ మొదలుపెట్టాను.

అమ్మ ఇప్పటికీ రైలెక్కలేదు. ఎస్కలేటరంటే భయం. కానీ స్టేషన్ల పేర్లన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. నేను బయల్దేరానంటే చాలు, ఫోన్ చేస్తుంది.

"ఎక్కడిదాకా వచ్చావే?"

"నాంపల్లి అమ్మా."

"ఇంకా నాలుగున్నాయి. ఉండు, బియ్యం కడిగి పడేస్తాను."