లావెండరూ, కత్తెరా, మన మొహమాటమూ

సియాటిల్‌కి తూర్పున రెడ్మండ్, బాతెల్, సమామిష్ వైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళ ముందు వేసవిలో రెండు మొక్కలు కనబడుతుంటాయి. ఒకటి, చలికాలమంతా కిటికీ పక్కన కూర్చుని ఎండలు రాగానే బయటికొచ్చే తులసి కుండీ. రెండోది లావెండర్. తులసి సంగతి చెప్పక్కర్లేదు, ఇంట్లో ఎవరో ఒకరు రోజూ దణ్ణం పెట్టి మరీ చూసుకుంటారు. లావెండర్‌ని మాత్రం కొన్న ఏడాది మురిపెంగా చూసి, మూడో ఏడాది విసుక్కుని, అయిదో ఏడాది పీకి పారేస్తారు. ఏమైందండీ అంటే "నా చేత్తో నాటితే ఏదీ బతకదండీ" అంటారు.

చెయ్యి మంచిదే. అలవాటే ఈ మొక్కకి పడదు. మనం నీళ్ళూ ఎరువూ అడక్కుండానే పెడతాం, కత్తెర మాత్రం మొక్క ఎంత మొత్తుకున్నా పెట్టం. లావెండర్‌కి కావలసింది సరిగ్గా దీనికి తలకిందులు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే గానీ, ఎందుకో చెప్పకపోతే మీరు నమ్మరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

ఇది మధ్యధరా సముద్రం చుట్టుపక్కల కొండల మీద పుట్టిన మొక్క. ఇంగ్లీష్ లావెండర్ అని పేరే గానీ పుట్టిల్లు ఇంగ్లండు కాదు. రాతి నేల, మాడ్చే ఎండ, వేసవిలో చినుకు లేకపోవడం దానికి అలవాటు. చలికి భయపడదు, షికాగో మంచుని కూడా తట్టుకుంటుంది. దాన్ని చంపేది చలికాలంలో వేళ్ళ దగ్గర నిలిచే తడి. వేరుకుళ్ళు పట్టుకుందంటే ఇక మందేమీ లేదు. సియాటిల్‌లో ఏడాదికి సుమారు 37 అంగుళాల వాన, అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి మార్చి లోపే. ఇక్కడికి రెండు గంటల పైచిలుకు దూరంలో ఉన్న స్క్విమ్‌లో ఒలింపిక్ కొండలు అడ్డుపడటం వల్ల 16 అంగుళాలే పడుతుంది. అన్నేసి లావెండర్ తోటలు అక్కడ ఉండటం, ఏటా జులైలో పండగ చేసుకోవడం ఊరికే జరగలేదన్నమాట.

అందుకని మన పెరట్లో చెయ్యాల్సింది ఆ కొండవాలుని వీలైనంత తయారు చెయ్యడం. గొయ్యి తీసి పాతడం కాదు, అడుగు ఎత్తున దిబ్బ పోసి దాని మీద నాటాలి. మట్టిలో కంకర కలపాలి. ఈ ప్రాంతం నేలల్లో ఆమ్ల గుణం ఎక్కువ కాబట్టి తోటల దుకాణంలో దొరికే సున్నం కొంచెం వెయ్యాలి. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. మొదలు చుట్టూ బెరడు ముక్కలు కప్పే అలవాటు ఇక్కడ బాగా ఉంది కదా, దీనికి అది వద్దు, తడిని పట్టి ఉంచుతుంది. గులకరాళ్ళు పరవండి. మొదటి వేసవి వారానికి ఒకటి రెండుసార్లు నీళ్ళు పొయ్యండి. రెండో ఏడాది నుంచి, బాగా ఎండలు కాసినప్పుడు రెండు మూడు వారాలకోసారి చాలు. పచ్చికకి రోజూ పొద్దున్నే తిరిగే స్ప్రింక్లర్ దీని మీద పడుతుంటే ముందు అది మార్పించండి. ఎరువా? వద్దు. గెత్తం వేశామంటే ఆకు ఏపుగా పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది, కొమ్మ నిలబడలేక వాలిపోతుంది.

ఇంతవరకూ చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే ఇందులో పని తగ్గుతుంది :-) గొడవంతా కత్తెర దగ్గరే.

లావెండర్ పైకి మొక్కలా కనిపించినా నిజానికి చిన్న పొద. అంటే కింది కొమ్మలు ఏటికేడు చేవదేరి గోధుమరంగులోకి మారిపోతాయి. చిగురు వచ్చేది వాటి పైనున్న ఆకుపచ్చ భాగం నుంచి. కత్తిరించకుండా వదిలేస్తే ఆ ఆకుపచ్చ ఏడాదికి కాస్త పైకి జరుగుతుంది, కింద ముదురు కొమ్మ పొడుగవుతుంది. నాలుగైదేళ్ళకి నడిమధ్య బట్టతల, చుట్టూ నాలుగు కొమ్మలు నేలకి వాలి చివర్న రెండు పువ్వులు. వానకో మంచుకో ఒక కొమ్మ చీలిపోతుంది. అప్పుడు మేలుకుని మొదలంటా నరికితే, గులాబీలా మళ్ళీ చిగురిస్తుందనుకుంటే, అది జరగదు. ఆకు లేని ముదురు కొమ్మ నుంచి చిగురు రావడం చాలా అరుదు. మన భాషలో చెప్పాలంటే, ప్రతి రిలీజ్‌కీ కొంచెం కొంచెం శుభ్రం చేసుకోవాల్సిన కోడ్ ఇది. అయిదేళ్ళ బాకీ ఒక్క శనివారంలో తీరుద్దామంటే కుదరదు, పాత వెర్షన్‌కి వెనక్కెళ్ళే దారి కూడా లేదు.

ఎప్పుడు, ఎంత అన్నదానికి లెక్క సులువే. హిడ్‌కోట్, మన్‌స్టెడ్ లాంటి ఇంగ్లీష్ రకాలు ఇక్కడ జూన్, జులైలో పూస్తాయి. పువ్వు వాడిపోతుండగానే, అంటే జులై ఆఖరు, ఆగస్టు మొదట్లో కోసెయ్యాలి. గ్రోసో, ప్రోవెన్స్ లాంటివి లావెండిన్ అనే సంకర జాతి. ఇవి విత్తనం కట్టవు, కొమ్మ నాటే పెంచాలి. మొక్క పెద్దది, పూత కొంచెం ఆలస్యం. వీటిని ఆగస్టులోనో, సెప్టెంబరు మొదట్లోనో కత్తిరించాలి. అంతకన్నా ఆలస్యమైతే కొత్త చిగురు ముదరకముందే మంచు కురుస్తుంది. పూల కాడలన్నీ తీసేసి, దాంతోపాటు ఆ ఏడాది పెరిగిన ఆకుపచ్చలో మూడో వంతు కోసి, గుండ్రంగా బోర్లించిన గిన్నెలా చెయ్యాలి. ముదురు కొమ్మ పైన కనీసం రెండు అంగుళాల ఆకు మిగలాలి. ఈ ఒక్క గీత దాటకపోతే చాలు, ఇంకెక్కడ తప్పినా మొక్క సర్దుకుంటుంది. కొత్తగా నాటిన ఏడాది మాత్రం మొగ్గల్ని పూయకముందే తుంచెయ్యండి, బలమంతా వేళ్ళకి పోతుంది. పూలు ఎండబెట్టుకోవాలంటే కంకిలో అడుగున రెండు మూడు పూలు విచ్చగానే పొద్దున్నే కోసి, చిన్న కట్టలు కట్టి చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీయండి. అన్నట్టు, తోటల్లో ఈ పూలు కోసేది మన కొడవలి లాంటి కొడవలితోనే.

ఏడాదికోసారి, మొక్కకి అయిదు నిమిషాలు. అయినా చెయ్యం. ఎందుకంటే కొయ్యాల్సిన సమయానికి దాని మీద ఇంకా కొన్ని పువ్వులుంటాయి, తేనెటీగలుంటాయి. మనకి మొహమాటం. మా అమ్మ వచ్చిన వేసవిలో ఇదే పంచాయితీ. "పూసే మొక్క మీద కత్తెర పెడతావేంట్రా, చేతులెలా వచ్చాయి నీకు?" అంది. "నువ్వు తులసి వెన్నులు తుంచవా, గుబురుగా రావాలని?" అన్నాను. "తుంచేముందు దణ్ణం పెట్టుకుంటాను. నువ్వు పెట్టుకున్నావా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆలోచిస్తే కత్తిరింపు మనకి కొత్త విద్యేం కాదు. చలికాలంలో మల్లెపొదకి నీళ్ళు ఆపేసి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తేనే కదా వేసవికి విరగబూసేది. ఆ పని చేసే చేతులు మన ఇళ్ళల్లో ఉండేవి. మనం కీబోర్డులకి వచ్చాక అది మరిచిపోయి, మొక్కని ముట్టుకోకపోవడమే దయ అనుకుంటున్నాం.

ఇంకొందరు మనుషుల్ని పెట్టి చేయిస్తారు. మా వీధిలో ఒకరింట్లో పచ్చిక కోయడానికి వచ్చినవాళ్ళు నవంబరులో మోటారు కత్తెరతో లావెండర్ని కూడా కంచె మొక్కల్లాగే నున్నగా గొరిగిపోయారు. ఆకన్నదే మిగల్లేదు. ఎనిమిదేళ్ళ మొక్కలవి. వసంతంలో తొమ్మిదింటికి రెండే చిగురించాయి. వాళ్ళకి డబ్బులివ్వడం తప్పు కాదు, ఈ మొక్కని ముట్టుకోవద్దని ఒక మాట చెప్పండి చాలు.

హైదరాబాదులో వస్తుందా అని ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడి ఎండ కన్నా వానాకాలపు ఉక్కపోత దానికి శత్రువు. ఇసుక, కంకర ఎక్కువేసిన మట్టికుండీలో, వాన పడని చూరు కింద పెడితే కొన్నాళ్ళు ఉంటుంది, దీర్ఘాయుష్షు మాత్రం ఆశించకండి. మన దేశంలో దానికి కుదిరిన చోటు జమ్మూలోని దోడా జిల్లా భదర్వా. జమ్మూలో ఉన్న సీఎస్ఐఆర్ సంస్థ రైతులకి మొక్కలిచ్చి అక్కడ సాగు పెంచింది. 2022 మేలో వాళ్ళూ లావెండర్ పండగ చేసుకున్నారు.

ఇవన్నీ చెప్పాక కూడా, మొక్క నిండుగా అవడానికి మూడేళ్ళు పడుతుందనగానే చాలామంది మొహం మారిపోవడం చూశాను. మూడేళ్ళంటే మనకి ఒక హెచ్‌వన్‌బీ కాగితం. గ్రీన్‌కార్డు వరసలో పదేళ్ళకి పైగా నిలబడ్డవాళ్ళకి మూడేళ్ళ తర్వాతి పువ్వు గురించి మాట్లాడితే ఎగతాళిలా ఉంటుంది. "ఉంటామో పోతామో, బంతి నారు వేసుకుంటే పోలా" అన్నాడు ఒక మిత్రుడు. అన్నాడే గానీ ఆరు గ్రోసోలు నాటాడు.

2023 లేఆఫ్‌లలో అతని ఉద్యోగం పోయింది. అరవై రోజుల గడువు, పిల్లల బడి, ఇల్లు బేరానికి పెట్టడం, ఆ రోజులు ఎలా ఉంటాయో మీలో కొందరికి తెలుసు. ఆగస్టులో ఇల్లు అమ్ముడుపోయింది. ఖాళీ చెయ్యడానికి నాలుగు రోజుల ముందు వచ్చి నా కత్తెర అడిగాడు. ఇప్పుడెందుకురా అన్నాను. "కొన్నవాళ్ళకి తెలుస్తుందో లేదో. ఈ ఏడు వదిలేస్తే ముదిరిపోతాయిగా" అన్నాడు. ఆరు మొక్కలూ ఇద్దరం కలిసే కోశాం, ఓ అరగంట పట్టింది. ఎక్కువ మాట్లాడుకోలేదు. వాళ్ళిప్పుడు హైదరాబాదులో ఉన్నారు. ఆ ఇంటి ముందునుంచి నడిచినప్పుడు చూస్తుంటాను, కొత్తవాళ్ళు ఎవరో తెలియదు గానీ ఏటా కత్తిరిస్తున్నారు. గుండ్రంగా ఉన్నాయి.

మనం ఎన్నాళ్ళుంటామన్నది మన చేతిలో లేదు, ఒప్పుకుంటాను. కానీ ఉన్న ఏడాది పని ఆ ఏడాది చెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పూలు వాడుతున్నాయా? కత్తెర తియ్యండి. రెండు అంగుళాల ఆకు మిగల్చండి. దణ్ణం పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం మీ ఇష్టం.