మఱుగుపడిన శాసనము

మా పుట్టినయూర నొక ప్రాచీన శివాలయము గలదు. బాల్యమున మాకు భారతము చెప్పిన తండ్రిగారే, దాని మంటపస్తంభముపైనున్న శాసనాక్షరములను వ్రేలితో చూపుచు చదివించెడివారు. కొన్నియేండ్ల క్రిందట జీర్ణోద్ధరణమను పేర నా స్తంభమునకు దళసరిగా రంగు పూసిరి, అక్షరములు పూడిపోయినవి. ఛాయాపటమైన నుండునేమోయని పెట్టెలన్నియు వెదకితిమి. మా వివాహమైన యేట తీసిన దొక్కటి దొరకినది. అందు స్తంభమున కానుకొని నిలిచినది మేమే. శాసనము మా వెనుక మఱుగుపడినది!

మా విచారము చూచి, ఉపాధ్యాయులగు మావారు 'వికీ లవ్స్ మాన్యుమెంట్స్' అను ఛాయాచిత్రముల పోటీనిగూర్చి చెప్పిరి. అది 2010లో నెదర్లాండ్సు దేశమున నారంభమై, 2012లో మన దేశమునకు వచ్చినది. 2011లో చేరిన 1,68,208 చిత్రములు గిన్నిస్ పుస్తకమున కెక్కినవి. సెప్టెంబరు మాసమున, ప్రాచీన కట్టడములను తాము స్వయముగా తీసిన చిత్రములను పంపవలెను. తీసినవారి పేరు నిలుచును. చిత్రమును లోకమంతయు వెల లేక వాడుకొనవచ్చును.

మన చిత్రమును పరుల కేల యీయవలెనని మొదట సంకోచించితిమి. కాని పెట్టెలో దాచిన పటము మాకే యక్కఱకు రాలేదు గదా!

కడచిన సెప్టెంబరున పాలంపేట రామప్పగుడికి పోయితిమి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన యా యాలయపు మదనికలను చేతిఫోనుతో నొక్కొక్కటిగా తీసితిమి. "అమ్మా, నీవుగూడ నిలువుము" అని పిల్లలు పిలిచిరి. మేము ప్రక్కకు తొలగితిమి.

మీ యూరి గుడికి పోయినపుడు మీ మొగములతోపాటు స్తంభములనుగూడ నొకపరి తీయుడు. రంగు పూయువారు రాకమునుపే తీయుడు.