కోటవురట్ల మ్యాపు చూశారా మీరు?

కోటవురట్ల మండలం మ్యాపును ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? పక్కన జిల్లా మ్యాపు, నియోజకవర్గం మ్యాపు కూడా పరుచుకుని చూడండి. సినిమా ఎందుకూ పనికిరాదు!

తహసీల్దారు, ఎంపీడీవో ఊళ్లోనే ఉంటారు, బాగుంది. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది అందుకే కదా, కచేరీ జనానికి దగ్గరవ్వాలని. ఆ గడప దాటితే మొదలవుతుంది అసలు కథ. ఓటు పాయకరావుపేట నియోజకవర్గంలో. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా పుట్టినప్పుడు రెవెన్యూ డివిజనేమో నర్సీపట్నం. కలెక్టరు అనకాపల్లిలో. అయిపోయిందనుకున్నారా? జిల్లాలు విడిపోయినా జిల్లా పరిషత్తులు మాత్రం పాత పదమూడు జిల్లాల లెక్కనే సాగాయి. అంటే 2021లో ఇక్కడ ఓట్లేసి గెలిపించిన జెడ్పీటీసీ కూర్చోవాల్సింది విశాఖపట్నంలో! పాసుపుస్తకం పేచీ తహసీల్దారు దగ్గర తెగకపోతే ఆర్డీవో దగ్గరికి, ఉపాధి హామీ పనికి ఎంపీడీవో దగ్గరికి. ఎవరికి ఏ అర్జీ పెట్టాలో కంఠతా వచ్చిన పెద్దమనిషి ప్రతి పంచాయతీలో ఒకరుంటారు చూడండి, వారికి నా దండం.

స్కాట్లాండులో ఈ గొడవే లేదట. 1996 నుంచి అక్కడ ఒకే అంచె, దేశం మొత్తానికి 32 కౌన్సిళ్లు. బడి, రోడ్డు, చెత్త అన్నీ ఒకే చోట. వినడానికి హాయిగానే ఉంది. కానీ అందులో హైలాండ్ కౌన్సిల్ ఒక్కటే పాతిక వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, మన అనకాపల్లి జిల్లాలాంటివి అయిదారు పడతాయి. మారుమూల పల్లెవాడికి కౌన్సిల్ కేంద్రం ఇన్వర్నెస్ ఎంత దూరమో ఊహించుకోండి. నాకు మన మండలాఫీసు అరుగే ముద్దు.

ఇక వరాహ నది! దీని గురించి ఎవరూ చెప్పరేం? నర్సీపట్నానికి ఉత్తరాన కొండల్లో, సుమారు 390 మీటర్ల ఎత్తున పుడుతుంది. తిన్నగా దక్షిణానికి దిగుతుంది. కోటవురట్ల దగ్గరికి వచ్చేసరికి ఏం తోచిందో ఏమో, తూర్పుకు తిరిగి దాదాపు అయిదు కిలోమీటర్లు కొండల ఇరుకులోంచి దూరుకుంటూ పోతుంది. తర్వాత సర్పా నది వచ్చి కలుస్తుంది. ఆపైన ఏటికొప్పాక. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, లక్క రంగు అద్ది బొమ్మలు చేసే ఊరు, 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు. ఎస్.రాయవరం మీదుగా పోయి వాటాడ దగ్గర సముద్రంలో పడుతుంది.

ఇప్పుడు ఆ నది గీతను నియోజకవర్గాల మ్యాపు మీద పెట్టండి. నర్సీపట్నంలో మొదలు. కోటవురట్లలో పాయకరావుపేట ఎమ్మెల్యే గారి నీళ్లు. ఏటికొప్పాకలో ఎలమంచిలి ఎమ్మెల్యే గారివి. రాయవరం చేరగానే మళ్లీ పాయకరావుపేట వారివే! పార్టీ మారి తిరిగొచ్చిన నాయకులను చూశాం గానీ, నది కూడానా? అదృష్టం ఏమిటంటే ఆ మూడు నియోజకవర్గాలూ అనకాపల్లి లోక్‌సభ స్థానంలోనివే, కాబట్టి ఎంపీ గారి దగ్గర మాత్రం వరాహది మొదటి నుంచీ ఒకే చిరునామా.

ఈసారి వానలు పడ్డాక ఆ కొండల ఇరుకు చూడ్డానికి బయల్దేరుతున్నాను. ఎవరైనా వస్తారా?