తాతయ్య పొలం

అక్టోబరులో మా అమ్మాయి తరగతిని బడివారు గుమ్మడి పొలానికి తీసుకువెళ్ళారు. పిల్లల వెంట రాగల తల్లిదండ్రులు కావాలంటే మేమిద్దరమూ సెలవు పెట్టి బస్సెక్కాము. వాన వెలిసిన ఉదయం. సర్రీ బురద సంగతి తెలిసినదే. అయినా రబ్బరు బూట్లు లేకుండా వచ్చినది మేమిద్దరమే.

పొలం చూపించినావిడ తీగ నుంచి కాయ దాకా ఓపికగా వివరించారు. పంట భూములను ఇళ్ళ స్థలాలుగా మారకుండా కాపాడడానికి బ్రిటిష్ కొలంబియాలో 1973లో చట్టం వచ్చిందనీ, సర్రీలో పెద్ద భాగం ఆ రక్షణలోనే ఉన్నదనీ చెప్పారు. తరువాత, "మీలో ఎవరికైనా పొలం ఉందా?" అని అడిగారు. పంజాబీ పిల్లలు కొందరు చేతులెత్తారు. వారి పెద్దలవి బ్లూబెర్రీ తోటలు. మా అమ్మాయీ చెయ్యెత్తింది.

"మా తాతయ్యకు ఉంది. తెనాలి దగ్గర."

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఆ రెండెకరాలూ మా చదువు కోసం ఎప్పుడో అమ్ముడయ్యాయి. ఆ మాట దానికి మేమెన్నడూ చెప్పలేదు.

సాయంత్రం అదే ఫోను చేసింది. "తాతయ్యా, మన ఫార్మ్‌లో ఏం పండుతుంది?"

"ఫార్మ్ కాదమ్మా, పొలం. వరి పండేది మాగాణి. పండ్లకు తోట, ఆకుకూరలకు మడి, నీ గుమ్మడికి పాదు." పిదప మినుముల కథ మొదలుపెట్టారు. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్దిరోజుల ముందే, నిలిచి ఉన్న పైరులో మినుములు చల్లుతారు. మళ్ళీ దున్నే పని లేదు. నేలలో మిగిలిన తేమ, రాత్రి కురిసే మంచు చాలు. కోత అయ్యేసరికి దుబ్బుల మధ్య మొలకలు కనిపిస్తాయి. ఆ మొలకలను చూస్తూ పెరిగినవాళ్ళమే గాని, అవి ఎలా వచ్చాయో అడగాలని మాకెన్నడూ తోచలేదు. మా రోజుల్లో పొలం తప్పించడానికే బడికి పంపేవారు.

"ఇప్పుడేం వేశావు?"

"ఇప్పుడది మనది కాదు తల్లీ. అమ్మేశాను. కొన్నాయన హద్దురాళ్ళు పాతించి ప్లాట్లు వేశాడు."

"ఇక్కడైతే అలా చేయనివ్వరు!" అంటూ పొద్దున విన్న చట్టమంతా అప్పజెప్పింది. చట్టానికి మినహాయింపులూ ఉన్నాయి. అవి తొమ్మిదేళ్ళ పిల్లల పాఠంలో రావు. ఆయన మాత్రం మళ్ళీ మళ్ళీ అడిగి విన్నారు.

"మరి ఎందుకు అమ్మావు తాతయ్యా?"

"మీ నాన్నను చదివించాలి కదమ్మా."

అది ఫోను పట్టుకుని మా వైపు చూసింది. మేము కత్తిపీట ముందు కూర్చుని, తెచ్చిన గుమ్మడికాయ గింజలు తీసి కాగితం మీద ఆరబోస్తున్నాము. చలి తగ్గాక, మే నెలలో, పెరట్లో పాదు పెట్టాలని తాతా మనుమరాలూ నిశ్చయించుకున్నారు.

"అక్కడ మన్ను నల్లదా, ఎర్రదా?" అని ఆయన మమ్మల్ని అడిగారు.

ఈ ఇంటికి వచ్చి ఆరేళ్ళు. తెలియక, టార్చిలైటు తీసుకుని పెరట్లోకి వెళ్ళాము.